అమెరికాలో రిటైరై ఊరొచ్చేసేవారు మెడికేర్ పార్ట్ బి ఎప్పుడు ఆపాలి?

పాలకొల్లులో ఆరోగ్య బీమా పాలసీలు కట్టిస్తుంటాను. సంక్రాంతికి వచ్చి, ఇక ఇక్కడే ఉండిపోదామనుకునే అమెరికా పెద్దవాళ్లు ముందు ప్రీమియం ఎంతని అడుగుతారు. నేనేమో "మళ్లీ వెళ్తారా అండీ?" అంటాను. ఆ జవాబు తేలితేగానీ లెక్క మొదలవదు.

మెడికేర్, అంటే 65 దాటినవారికి అమెరికా ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా, ఇక్కడ చెల్లదు. రాజమండ్రిలో స్టెంటు వేయించుకున్నా బిల్లు మీదే. మెడికేర్‌కు తోడుగా అక్కడి ప్రైవేటు కంపెనీలు అమ్మే మెడిగ్యాప్ ప్లాన్లలో కొన్ని ప్రయాణం మొదలైన 60 రోజుల్లోపు వచ్చే ఎమర్జెన్సీకి, 250 డాలర్లు మీరు పెట్టుకున్నాక 80 శాతం ఇస్తాయి. జీవితం మొత్తానికి 50,000 డాలర్ల వరకే. చుట్టపుచూపుగా వచ్చేవారికి అది పనికొస్తుంది, కాపురానికి కాదు.

మెడికేర్‌లో ఆస్పత్రిలో చేరితే అయ్యే ఖర్చు చూసే పార్ట్ ఎ సంగతి తేలిక. అక్కడ పదేళ్లు పనిచేసి మెడికేర్ పన్ను కట్టినవారికి దానికి ప్రీమియం లేదు, ఉంచుకోండి. టెన్షనంతా డాక్టరు ఫీజులు, పరీక్షల్లాంటివి చూసే పార్ట్ బితోనే. 2026లో మామూలు ప్రీమియం నెలకు 202.90 డాలర్లు. వాడని దానికి ఎందుకని ఆపేస్తే, తర్వాత చేరేటప్పుడు ఖాళీగా గడిచిన ప్రతి పూర్తి ఏడాదికీ 10 శాతం అదనం. అది బి ఉన్నంతకాలం కట్టాల్సిందే. పైగా రిటైరైనవారు మళ్లీ చేరడానికి మామూలుగా జనవరి నుంచి మార్చి దాకానే గడువు. ఏప్రిల్‌లో జబ్బు బయటపడితే వచ్చే జనవరి కోసం ఎదురుచూడాలి.

ఇక్కడి పాలసీ చూద్దాం. 65 దాటినవారికి ఇవ్వకూడదన్న వయసు అడ్డు 2024లో పోయింది. అయినా మెడికల్ రిపోర్టులు చూసి కంపెనీ కాదనొచ్చు. ఇచ్చినా, ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు వెయిటింగ్ పెట్టొచ్చు, అంటే అప్పటిదాకా ఆ జబ్బులకు డబ్బివ్వరు. అందుకే నా సలహా: రాగానే ఇక్కడి పాలసీ తీసుకోండి, ఆ వెయిటింగ్ తీరేదాకా బి ఆపకండి. ఈలోగా మోకాలో గుండో మొరాయిస్తే అమెరికా వెళ్లి చేయించుకునే దారి ఉంటుంది. ఆ తర్వాత, ఇక ఈ కాలవగట్టు వదలం అనేవారు బి మానేయొచ్చు. పెద్ద జబ్బొస్తే పిల్లల దగ్గరికే అనేవారు మానకండి.

షుగరు, బీపీ, పాత ఆపరేషన్లు అన్నీ ఫారంలో రాయండి. దాచమనే ఏజెంటు దగ్గర్నుంచి లేచొచ్చేయండి, క్లెయిమ్ రోజున అతను కనపడడు. హైదరాబాద్ ఆస్పత్రుల జాబితా చూసి మురిసిపోవద్దు. అర్ధరాత్రి ఆయాసమొస్తే ఆచంట నుంచి కారు పోయేది భీమవరానికే. అక్కడ ఏ ఆస్పత్రిలో క్యాష్‌లెస్ ఉందో ఫోన్ చేసి కనుక్కోండి. రూమ్ రెంట్ పరిమితి ఉంటే గది అద్దె ఒక్కటే కాదు, డాక్టరు ఫీజులూ అదే లెక్కన కోసేయొచ్చు. 70 దాటినవారి ఆయుష్మాన్ కార్డు భారత పౌరులకు. విదేశీ పౌరులైన మనవాళ్లకిచ్చే ఓసీఐ కార్డుతో దానిమీద ఆశ పెట్టుకోకండి.

నేనూ కమీషన్ మీద బతికేవాణ్నే. పాలసీ చేతికొచ్చాక 30 రోజుల ఫ్రీ లుక్ ఉంటుంది. కాగితాలన్నీ పిల్లలతో చదివించుకోండి. నచ్చకపోతే తిప్పి పంపండి, నేను కట్టించిందైనా సరే.