మందుల మాట చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: గుండె మాత్ర, కణానికి పట్టే తుప్పు

పోయిన పాఠంలో స్ట్రిప్ వెనక్కి తిప్పి మందు అసలు పేరు, మిల్లీగ్రాములు చదవడం చూశాం. ఆ ఇంటిపనిని మా పెరంబూరు ఇంట్లో బుద్ధిగా చేసింది బాబాయి ఒక్కరే. ఆయన స్ట్రిప్ మీద కార్వెడిలాల్ 3.125 అని ఉంది. "మూడుకి ఈ తోకేమిట్రా?" అన్నారు. గుండె బలహీనపడ్డవాళ్లకు ఈ మందు అంత తక్కువతోనే మొదలుపెడతారు. ఒంటికి పడితే కనీసం రెండేసి వారాలు ఆగి రెట్టింపు చేస్తారు: 6.25, 12.5, 25. బాబాయి ఇడ్లీ తిన్నాకే వేసుకుంటారు. కడుపులో తిండి ఉంటే మందు మెల్లగా ఎక్కుతుంది, లేచి నిలబడగానే కళ్లు తిరగడం తగ్గుతుంది.

వెంటనే ఫోన్ ముందుకు తోశారు. "ఈ మందు గుండె కణాలను ఆక్సీకరణ ఒత్తిడి నుంచి కాపాడవచ్చు" అని ఎవరో ఫార్వర్డ్ చేశారు. ఇవాళ్టి పాఠమంతా ఆ "వచ్చు" గురించే. ఇలాంటి వాక్యం కనబడితే ఒకటే అడగండి: ఎక్కడ చూశారు? గాజు గిన్నెలోనా, గుండె ముక్కలోనా, మనుషుల్లోనా?

ముందు తుప్పు సంగతి. బీసెంట్ నగర్‌లో సముద్రం వైపు కిటికీ ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు, గ్రిల్లుకు ఎన్ని కోట్లు రంగు వేసినా ఎర్రగా పొట్టు లేస్తుంది. గుండె కణంలోనూ పేచీ ఆక్సిజన్‌తోనే. రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకోవాలి కాబట్టి ఆ కణంలో సుమారు మూడో వంతు మైటోకాండ్రియాలే. అవి శక్తి తయారుచేస్తుంటే కొంచెం సూపర్ఆక్సైడ్ అనే చురుకైన ఆక్సిజన్ రూపం పక్కకు జారుతుంది. మామూలు రోజుల్లో కణంలోని ఎంజైములు దాన్ని ఎప్పటికప్పుడు ఊడ్చేస్తాయి. గుండె నీరసించి, అడ్రినలిన్ దాన్ని అదిలిస్తూనే ఉంటే చెత్త పెరిగిపోతుంది, ఊడ్చే చేతులు చాలవు. కణం పొరల్లోని కొవ్వు పాడవుతుంది. ఆక్సీకరణ ఒత్తిడి అంటే ఇదే.

కార్వెడిలాల్ బీటా బ్లాకర్. అంటే ఆ అదిలింపును అడ్డుకుంటుంది. పైగా దాని అణువులో కార్బజోల్ అనే భాగం ఫ్రీ రాడికల్స్‌ను (సూపర్ఆక్సైడ్ లాంటి చెత్తను) నేరుగా పట్టుకుంటుందని ప్రయోగశాలలో తేలింది. ఇది గాజు గిన్నె. 2002లో జపాన్ వైద్యులు రోగుల గుండె నుంచి చిన్న ముక్కలు తీసి పరీక్షించారు. మందు వాడాక ఆక్సీకరణ గుర్తులు తగ్గాయి. అయితే అది కార్బజోల్ పనా, అదిలింపు ఆగినందుకా? ముక్కను చూసి అది చెప్పలేం.

ఇక మనుషులు. 1996లో వచ్చిన అమెరికా ట్రయల్‌లో 1,094 మంది గుండె వైఫల్య రోగులున్నారు. ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలో 7.8 శాతం చనిపోతే, కార్వెడిలాల్ వాడినవాళ్లలో 3.2 శాతం. మందు పనిచేసిందనడానికి ఇది గట్టి ఆధారం. తుప్పు ఆపడం వల్లే పనిచేసిందనడానికి మాత్రం కాదు.

ఈ తేడా నాకు ఎందుకంత ముఖ్యమంటే, తుప్పు ఆపితే చాలనుకునేవాళ్లను 2000లో హోప్ ట్రయల్ కంగు తినిపించింది. గుండె జబ్బు ముప్పు ఎక్కువున్న తొమ్మిది వేలకు పైగా మంది నాలుగున్నరేళ్ల పాటు అందులో ఉన్నారు. వాళ్లలో కొందరికి విటమిన్ ఇ ఇచ్చారు. అది పేరు మోసిన యాంటీఆక్సిడెంటే, అంటే ఈ తుప్పును ఆపే పదార్థమే. అయినా ఉత్తుత్తి మాత్ర కంటే ఏమీ మేలు చేయలేదు.

"అయితే ఇది మానెయ్యనా?" అన్నారు బాబాయి. వద్దు బాబోయ్! బీటా బ్లాకర్‌ను ఉన్నట్టుండి ఆపితే గుండెకు ప్రమాదం. మార్పేదైనా డాక్టరే చెప్పాలి.

ఇంటిపని: మీ ఫోన్‌లోని ఆరోగ్య వార్త ఒకటి తీసి, అది గిన్నెదో, ముక్కదో, మనుషులదో పక్కన రాయండి. అది ఎలుకల మీద చేసిన ప్రయోగమైతే, "ఎలుక" అన్న మాట ఎన్నో పేరాలో వచ్చిందో కూడా లెక్కపెట్టండి.