వేపచెట్టు నీడలో క్రైనమ్ లిల్లీ

హనుమకొండలోని మా పెరట్లో వేపచెట్టు కింద ఏది నాటినా, పోసిన నీళ్లన్నీ చెట్టు వేళ్లే తాగేసేవి. నడుమెత్తు పెరిగి తెల్లని పూలగుత్తులు వేసే క్రైనమ్ లిల్లీ అక్కడ నిలదొక్కుకోవడానికి పాత రంగుల బకెట్టు ఒకటి అక్కరకు వచ్చింది.

20 లీటర్ల ప్లాస్టిక్ బకెట్టు అడుగును పూర్తిగా కోసివేసి, చెట్టు మొదలుకు 5, 6 అడుగుల దూరంలో, పొద్దున రెండు మూడు గంటలైనా ఎండపొడ తగిలే చోట గుంత తీసి, అంచు నేలపైకి రెండు వేళ్ల మందం కనిపించేలా దింపాలి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు కలిపి నింపి, మృగశిర కార్తెలో తొలకరి పడ్డాక బకెట్టుకు ఒక్క దుంప చొప్పున నాటాలి. దుంప మెడ, అంటే ఆకులు మొలిచే సన్నని పై భాగం, మాత్రం మట్టి పైనే ఉండాలి. నేను మొదటిసారి మెడదాకా పూడ్చిన దుంప, పాడైన ఉల్లిగడ్డలా మెత్తబడి కంపు కొట్టింది. ఎండాకాలంలో వారానికి రెండుసార్లు నాలుగు చెంబుల నీళ్లు చాలు. పక్క వేళ్ల పోటీ ఉండదు కనుక ఆ తడి దుంపకే దక్కుతుంది.

వానకాలంలో నీళ్లు నిలిచే నల్లరేగడిలో ఈ పద్ధతి పనికిరాదు, దుంప కుళ్లిపోవచ్చు. బొత్తిగా ఎండ సోకని చోట ఆకులే తప్ప పూలు రావు. దుంప విషపూరితం కాబట్టి పిల్లలకు అందనీయకండి.