ఈజిప్టు జీర్ పద్ధతిలో కరెంటు అక్కరలేని కూరగాయల కుండను ఎలా చేసుకోవాలి?

ఎగువ ఈజిప్టులో నైలు ఒడ్డున ఉన్న ఖెనా పట్టణానికి కుండల ఊరుగా చాలాకాలంగా పేరుంది. పెద్ద నీళ్ళ బానను అక్కడ జీర్ అనీ, సన్నని మెడ ఉన్న చిన్న కూజాను ఖుల్లా అనీ అంటారు. వీటికి మెరుగుపూత వేయరు. లోపలి నీరు మట్టి గోడల గుండా మెల్లగా పైకి చెమరుస్తుంది, ఆ చెమ్మను ఎండుగాలి ఆవిరి చేస్తుంది. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 కిలోజౌళ్ళ వేడి కావాలి కాబట్టి, అందులో కొంత కుండ నుంచే వెళ్ళిపోయి లోపలి నీరు చల్లబడుతుంది. కైరో పాతబస్తీ ఇళ్ళలో వీధివైపు పొడుచుకువచ్చిన చెక్క జాలీ కిటికీలను మష్రబియ్యా అంటారు. గాలి తగిలే ఆ చోట తాగునీటి కూజాలు పెట్టేవారు కనుక, అరబ్బీలో తాగడానికి సంబంధించిన మాట నుంచే ఆ పేరు వచ్చిందని చెబుతారు. వాస్తుశిల్పి హసన్ ఫతీ 1945లో లక్సర్ దగ్గర మొదలుపెట్టిన న్యూ గుర్నా గ్రామంలో బడి గదులను చల్లబరచడానికి కూడా ఇదే సూత్రాన్ని వాడుకున్నాడు. పైకప్పు మీది గాలి బురుజు, అంటే మల్ఖఫ్, గుండా దిగే గాలిని ఆయన తడి బొగ్గు మీదుగా లోపలికి మళ్ళించాడు.

ఒక కుండలో మరో కుండ పెట్టి, నడుమ తడి ఇసుక నింపి కూరగాయలు దాచే నేటి రూపాన్ని 1990లలో ఉత్తర నైజీరియాలో మొహమ్మద్ బా అబ్బా అనే ఉపాధ్యాయుడు ప్రచారంలోకి తెచ్చాడు. దీనికీ జీర్ అనే పేరే స్థిరపడింది. ఇంట్లో చేసుకోవడానికి ఎక్కువ ఖర్చు కాదు, కానీ మొదట చూసుకోవలసింది మీ ఊరి గాలి. ఎండ 40 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం ఉన్న రోజున తడి ఉపరితలం సుమారు 23 డిగ్రీల దాకా చల్లబడగలదు, కుండలో అంతకన్నా కొంచెం ఎక్కువే ఉంటుంది. ఎండ 35 డిగ్రీలే ఉన్నా తేమ 70 శాతం ఉంటే మాత్రం 30కి దిగువకు రాదు. ఖెనాలో బాగా పనిచేసే జీర్ సముద్రతీరపు అలెగ్జాండ్రియాలో అంత చల్లగా ఎందుకు ఉండదో, అనంతపురంలో మే నెలలో పనికొచ్చే కుండ విశాఖపట్నంలో ఎందుకు నిరాశపరుస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

మొదట కుమ్మరి దగ్గర వెడల్పు మూతి ఉన్న రెండు కుండలు తీసుకోండి. చిన్నదాన్ని పెద్దదానిలో పెడితే చుట్టూ మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల సందు మిగలాలి. బయటి కుండకు రంగు గాని వార్నిషు గాని ఉండకూడదు. అందంగా ఉంటుందని రంగు వేయించిన కుండ మట్టి రంధ్రాలు మూసుకుపోయి చెమర్చదు, ఈ పనిలో ఎక్కువగా జరిగే తప్పు ఇదే. మొక్కల కుండీలు వాడితే అడుగు రంధ్రాలను బంకమట్టితో మూయండి.

తర్వాత పెద్ద కుండ అడుగున గరుకు ఇసుకను కడిగి పోయండి. లోపలి కుండ మూతి బయటిదానితో సమానంగా వచ్చేటంత మందంగా ఆ పొర ఉండాలి. చిన్న కుండను నడిమధ్యలో నిలిపి, చుట్టూ ఇసుక దట్టించి, పైన రెండు వేళ్ళ మేర ఖాళీ వదలండి. ఇక ఇసుక తాగినన్ని నీళ్ళు నెమ్మదిగా పోయండి. లోపలి కుండను తడిపిన గోనెసంచితో గాని నూలుగుడ్డతో గాని కప్పండి.

దీన్ని గది మూలన పెడితే పెద్ద ప్రయోజనం ఉండదు. నీడ ఉండి గాలి ఆడే వసారాలో, అడుగుకు కూడా గాలి తగిలేలా ఇనుప స్టాండు మీద ఉంచండి. కూరగాయలు పెట్టేముందు ఒక పూట ఆగి కుండను చల్లబడనివ్వండి. ఆ తర్వాత ఉదయం, సాయంత్రం ఇసుకకూ గుడ్డకూ నీళ్ళు పోస్తూ ఉండాలి.

టమాటా, వంకాయ, క్యారెట్, ఆకుకూరలు ఇందులో బాగా నిలుస్తాయి. ఉల్లి, వెల్లుల్లి చెమ్మకు కుళ్ళుతాయి. పాలు, మాంసం, వండిన పదార్థాలకు కావలసినంత చల్లదనం ఇందులో రాదు కాబట్టి దీన్ని ఫ్రిజ్‌కు బదులుగా అనుకోవద్దు.

కారే నీటికి కింద పళ్ళెం పెట్టితే రోజూ పారబోయాలి, లేకపోతే దోమలు చేరతాయి. మధ్యయుగపు కైరోలో ఆ కారే నీటిని వృథా చేసేవారు కాదు. జీర్ నిలబెట్టే కిల్గా అనే పాలరాతి పీటకు ముందువైపు తొట్టి చెక్కి, మట్టి గోడలో వడకట్టుకుని వచ్చిన నీటిని అందులో పట్టేవారు. అంతకుముందే నైలు నీటిలోని బురద అడుగుకు చేరేందుకు జీర్ లోపలి గోడకు చేదు బాదం ముద్దను రుద్దేవారని 19వ శతాబ్దపు వర్ణనలు చెబుతున్నాయి. కలకనీటి కుండలో చిల్లగింజ అరగదీసే మన పాత అలవాటు దీనికి చాలా దగ్గరిది. అయితే రెండూ నీటిని తేటపరుస్తాయి తప్ప క్రిములను చంపవు.

కొన్ని వారాలకు బయటి కుండ మీద తెల్లని ఉప్పు పేరుకుంటుంది. బోరునీటికైతే ఇది త్వరగా వస్తుంది, చల్లదనం తగ్గడానికి తొలి కారణం కూడా ఇదే. సబ్బు వాడకుండా కొబ్బరిపీచుతో రుద్ది కడగండి. నెలకొకసారి ఇసుకను బయటికి తీసి, కడిగి, ఎండబెట్టి మళ్ళీ నింపండి. వానలు మొదలై గాలిలో తేమ పెరిగాక కుండలను విడదీసి, పూర్తిగా ఆరనిచ్చి, బోర్లించి దాచండి.