బ్రిస్బేన్‌లో ఇన్సులేషన్, ఫైర్ సీలింగ్ (మంట పాకకుండా గోడల్లోని రంధ్రాలు మూసే) పనికి ముందు జాగ్రత్తలు

• ముందు లైసెన్సు సంగతి. బ్రిస్బేన్ ఉన్న క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో మామూలు నిర్మాణ పని విలువ 3,300 డాలర్లు దాటితేనే లైసెన్సు కావాలి. ఫైర్ సీలింగ్ లాంటి అగ్నిరక్షణ పనికి ఆ మినహాయింపు లేదు, ఎంత చిన్న పనైనా లైసెన్సు ఉండాల్సిందే. కాబట్టి "చిన్న రంధ్రమే కదండీ" అనే మాటకు తల ఊపకండి. పనివాడి లైసెన్సు నంబరు అడిగి క్యూబీసీసీ (ఆ రాష్ట్రంలో నిర్మాణ లైసెన్సులు ఇచ్చే సంస్థ) వెబ్‌సైటులో చూసుకోండి. లైసెన్సు ఉంటే చాలదు, మీ పని దాని పరిధిలోకి రావాలి.

• పైకప్పుకూ సీలింగుకూ మధ్య ఖాళీలోకి ఎవరు ఎక్కినా ముందు మెయిన్ స్విచ్ ఆపాలి. ఆపినా, వీధి నుంచి మీటరుకు వచ్చే తీగలో కరెంటు ఉంటుంది. 2009-10లో ఆస్ట్రేలియా ప్రభుత్వ ఇన్సులేషన్ పథకంలో నలుగురు యువ కార్మికులు చనిపోయారు. ముగ్గురిది విద్యుదాఘాతం, ఒకరిది వడదెబ్బ. ఇన్సులేషన్‌గా పరిచే పల్చటి రేకు (ఫాయిల్) షీటుకు కొట్టిన లోహపు పిన్ను వైరులో దిగితే షీటంతా కరెంటే. ఎండ ముదరకముందే పని ముగించమనండి.

• పాత ఇల్లయితే ఆస్‌బెస్టాస్ (ఊపిరితిత్తులకు హాని చేసే పీచు పదార్థం) ఉందేమో పరీక్ష చేయించండి.

• ఫైర్ గోడలో (మంటను ఆపే గోడలో) ప్లాస్టిక్ పైపు ఉంటే ఎర్ర సీలెంటు పూసి వెళ్లిపోతే ఒప్పుకోకండి. మంటకు పైపు కరిగి రంధ్రం తెరుచుకుంటుంది. మామూలుగా, వేడికి ఉబ్బి దాన్ని మూసే కాలర్ (పైపు చుట్టూ బిగించే పట్టీ) కావాలి. ఆ కాలర్‌కు చేసిన మంట పరీక్ష నివేదికలో ఉన్న గోడ రకం, పైపు సైజు మీవేనా చూడండి.

• చేసిన పని కనబడకుండా మూసేముందు దాని ఫొటోలు తీయించండి.