మచ్చపడే బట్టతల: జుట్టు నాటించుకునే ముందు జాగ్రత్తలు

ఈ బట్టతలలో జుట్టు కుదుళ్లు నశించి, ఆ చోట మచ్చ మిగులుతుంది.

– ముందు బయాప్సీ (చర్మం ముక్క తీసి పరీక్షించడం). నున్నబడిన చోట కాదు, ఎర్రదనం, పొలుసులు ఉన్న అంచున 4 మిల్లీమీటర్ల ముక్క తీయించాలి. నున్నటి చోట మచ్చ తప్ప వ్యాధి జాడ సాధారణంగా దొరకదు.

– లైకెన్ ప్లానోపైలారిస్ (రోగనిరోధక వ్యవస్థే జుట్టు కుదుళ్లపై దాడిచేసే వ్యాధి) లాంటిదైతే వ్యాధి చల్లబడి కనీసం 1–2 ఏళ్లు గడవాలి. దురద, మంట, కుదురు చుట్టూ పొలుసులు... వీటిలో ఏది ఉన్నా ఆగండి. కోత గాయమే వ్యాధిని తిరగబెట్టవచ్చు; అప్పుడు నాటిన కుదుళ్లూ పోతాయి. ఇక్కడ తొందరపెట్టే క్లినిక్‌ను నమ్మవద్దు.

– కుదుళ్లు తీసే వెనక తలలోనూ వ్యాధి ఉందేమో డెర్మోస్కోప్‌తో (చర్మాన్ని పెద్దదిగా చూపే పరికరం) చూడాలి.

– మచ్చ చర్మంలో రక్తప్రసరణ తక్కువ. మొదట కొన్ని కుదుళ్లే పరీక్షగా నాటించి, 6–12 నెలలు చూశాకే మిగతావి, అవీ పలచగా.

– పొగ మానాలి. డాక్టర్ చెప్పనిదే మందులు ఆపకూడదు.

కాలిన, దెబ్బల మచ్చలకు వ్యాధి తిరగబెట్టే భయం లేదు.