ఇంట్లో ఉప్పునీటి ఆక్వేరియం – ఆరో పాఠం: పాకుడును పోల్చుకోవడం, వదిలించడం

గత పాఠం ముగిసేసరికి తొట్టిలో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు దిగి, నైట్రేట్ ఒక్కటే మిగిలింది. ఆ తరువాత కొద్ది వారాల్లోనే ఇసుక మీద, గాజు మీద, రాళ్ల మీద ఏదో ఒక పూత కనబడడం మొదలవుతుంది. కొత్తవారు చాలామంది ఈ దశలో కంగారుపడి, దుకాణంలో చేతికి దొరికిన మందు సీసా తెచ్చి పోసేస్తారు. సీసా జోలికి వెళ్లే ముందు, సబ్బు లేకుండా మోచేతి వరకు కడుక్కొని, ఆ పూతను వేలితో తాకి చూడండి. తొట్టిలో జోయాంథిడ్లు (పగడాలకు దగ్గరి బంధువులైన మెత్తని జీవులు) ఉంటే మాత్రం చేతికి తొడుగు వేసుకోవాలి. వాటిలో కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే ప్రమాదకరమైన విషం ఉంటుంది. తాకి చూడడం ఎందుకంటే, కంటికి ఒకే గోధుమ రంగులో కనిపించే రెండు రకాల పాకుళ్లలో ఒకటి ఆహారం తగ్గిస్తే పోతుంది, మరొకటి తగ్గించినకొద్దీ పెరుగుతుంది.

వేలితో రాయగానే పిండిలా చెదిరిపోయే గోధుమ రంగు పొర డయాటమ్‌లనే ఏకకణ నాచుది. వీటి పెంకు సిలికాతో తయారవుతుంది కనుక నీటిలోనూ కొత్త ఇసుకలోనూ ఉన్న సిలికేట్ అయిపోగానే, సాధారణంగా కొన్ని వారాల్లో, వాటంతట అవే తగ్గిపోతాయి. తగ్గడం లేదంటే సిలికేట్ ఎక్కడి నుంచో వస్తూనే ఉందని అర్థం. విశాఖలో దానికి రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి, ఊరికే దొరుకుతుంది కదా అని ఆర్కే బీచ్ నుంచో భీమిలి నుంచో తెచ్చిన ఇసుక. మన తీరపు ఇసుకలో సిలికాతో ఏర్పడిన క్వార్ట్జ్‌తో పాటు ఇల్మెనైట్, గార్నెట్ వంటి బరువైన ఖనిజాలు కలిసి ఉంటాయి. ఆక్వేరియానికి కావలసినది కాల్షియం కార్బొనేట్‌తో ఏర్పడిన అరగొనైట్ ఇసుక. రెండోది, ఇంట్లో తాగే ఆర్వో నీరు. తాగునీటి యంత్రాల్లో చాలావాటిలో రుచి కోసం కొంత లవణాన్ని వదిలేసే ఏర్పాటు ఉంటుంది కనుక, ఆ నీరు మనకు మంచిదే గానీ తొట్టికి సరిపోదు. ఆర్వో తరువాత, మిగిలిన లవణాలను పట్టేసే డీఐ గొట్టం కూడా దాటి, టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) మీటరు సున్నా చూపే నీరే వాడాలి. ఎండాకాలంలో రోజూ ఆవిరయ్యేది స్వచ్ఛమైన నీరు మాత్రమే. నీటిలో కరిగి ఉన్న లవణాలు, ఫాస్ఫేట్, సిలికేట్ తొట్టిలోనే ఉండిపోతాయి. ఆ లోటును కుళాయి నీటితో పూడుస్తూ పోతే, ప్రతి చెంబుతోనూ అవి పేరుకుంటూనే ఉంటాయి.

సముద్రం పక్కనే ఉండగా ఉప్పు పొట్లం కొనడమెందుకని అడగవచ్చు. గెడ్డలు కలిసే చోట్ల, హార్బర్ దగ్గర ఒడ్డున ముంచిన నీటితో పాటు నైట్రేట్, ఫాస్ఫేట్ కూడా ఇంటికి వస్తాయి. పైగా వానాకాలం చివర నదుల నీరు కలిసి బంగాళాఖాతపు పైపొరలో లవణీయత బాగా పడిపోతుంది. సాంద్రతను 1.025 దగ్గర నిలపాలనుకునే కొత్తవారికి ఆ నీరు నమ్మదగినది కాదు.

ఎర్రగా లేదా ఊదాగా, వేలికి జారుడుగా తగిలి, అంచు పట్టి లాగితే చాపలా ఊడివచ్చేది సయానోబాక్టీరియా. ఇది నాచు కాదు, బాక్టీరియా. ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసనే చెబుతుంది. నీరు కదలని మూలల్లో, చెత్త నిలిచిన చోట ఇది పరుచుకుంటుంది కనుక, సన్నని గొట్టంతో పీల్చి బయటికి తీసేసి, వేవ్‌మేకర్ (తొట్టి నీటిని కదిలించే చిన్న పంపు) ముఖాన్ని ఆ మూలకు తిప్పాలి. ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ వేస్తే ఒక్కసారిగా మాయమవుతుందన్న మాట నిజమే. కానీ ఇంత శ్రమపడి పెంచుకున్న వడపోత బాక్టీరియాకు కూడా దానివల్ల దెబ్బ తగలవచ్చు, చెత్త మాత్రం ఉన్నచోటనే ఉంటుంది. ఆ మందు నేను సిఫారసు చేయను.

గోధుమ రంగు తీగలుగా వేలాడుతూ, వాటి కొసల్లో గాలి బుడగలు ఉండి, రాత్రికి పలచబడి మధ్యాహ్నానికి మళ్లీ దట్టమవుతుంటే డైనోఫ్లాజెల్లేట్లని (ఇవీ ఏకకణ జీవులే) అనుమానించాలి. కొంత పీల్చి సీసాలో వేసి, బాగా కుదిపి, సన్నని వడపోత కాగితం గుండా వడగట్టి, దిగిన నీటిని వెలుతురులో ఒక గంట ఉంచండి. విడిపోయినవి మళ్లీ తీగలుగా ముద్దకడితే అనుమానం బలపడినట్టే. నైట్రేట్, ఫాస్ఫేట్ పూర్తిగా అడుగంటిన తొట్లలోనే ఇవి ఎక్కువగా విజృంభిస్తాయి. కాబట్టి నీరు మార్చడం ఆపి, మేత కాస్త పెంచి, నైట్రేట్‌ను 5 పీపీఎం పరిసరాలకు, ఫాస్ఫేట్‌ను 0.05 దగ్గరకు తేవాలి. వీటిలో కొన్ని జాతులు విషపూరితమైనవి. నత్తలు వరసగా చనిపోతుంటే అదీ ఒక గుర్తే.

అందరినీ ఎక్కువగా వేధించేది పచ్చని వెంట్రుక నాచు. దీని విషయంలో టెస్ట్ కిట్ మనల్ని తప్పుదారి పట్టిస్తుంది: రాయి నిండా నాచు ఊగుతుంటే ఫాస్ఫేట్ సున్నా అని చూపిస్తుంది. కిట్ కొలిచేది నీటిలో మిగిలినదాన్ని మాత్రమే. నాచు అప్పటికే తాగేసినది దాని లెక్కలోకి రాదు. అందువల్ల మొదటి పని చేతితో చేయవలసినదే. బకెట్‌లో తొట్టి నీరే తీసుకొని, రాయిని అందులో ముంచి, నాచును కుదుళ్ల దగ్గర రెండు వేళ్లతో మెలిపెట్టి లాగాలి. పళ్ల మధ్య మిగిలిన ముక్కను నాలుకతో వెతికినట్టు, రాతి రంధ్రాల్లో పాత టూత్‌బ్రష్ కొస తిప్పాలి. తొట్టిలోనే బ్రష్ చేస్తే తెగిన పోగులు మరో రాతి మీద పాతుకుంటాయి. మొండి కుదుళ్ల మీద, రాయి నీటి బయట ఉన్నప్పుడే, మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను చుక్కలుగా వేసి, కొద్ది నిమిషాలాగి, వేరే బకెట్‌లోని ఉప్పునీటిలో కడిగి తిరిగి పెట్టవచ్చు. పగడం అంటుకొని ఉన్న రాయికి ఇది వద్దు. టర్బో, ట్రోకస్ నత్తలు పొట్టి మొలకలను గీరి తింటాయి గానీ, జడలు కట్టిన నాచును అంతగా ముట్టవు. కాబట్టి పీకిన తరువాతే వాటిని వదలాలి. రుషికొండ రాళ్ల మీద ఏరిన నత్తలను మాత్రం తేవద్దు, వాటిలో మాంసాహారులూ ఉంటాయి. పగడాల జోలికి అసలే పోవద్దు, అవి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ పొందిన జీవులు.

పీకింది మళ్లీ రాకుండా ఉండాలంటే లోపలికి వెళ్లేదాన్ని తగ్గించాలి. గడ్డకట్టిన రొయ్య మేతను కరిగించి, ఆ నీరు పారబోసి, జాలిలో కడిగి వేయండి. దీపం రోజుకు ఎనిమిది గంటలు చాలు. తూర్పు కిటికీ నుంచి పొద్దుటి ఎండ నేరుగా గాజు మీద పడుతుంటే తెర వేయండి.

మిగిలినవి క్లుప్తంగా: ఆకుపచ్చ గోళీల్లాంటి వలోనియాను పగలగొట్టకుండా మొత్తంగా పెకలించాలి, ఐప్టేసియా అనే చిన్న అనిమోన్‌ను ఎన్నడూ కోయకూడదు, ముక్క ముక్కా మరో అనిమోన్‌గా పెరుగుతుంది. గులాబీ, ఊదా రంగుల్లో రాతికి గట్టిగా అంటుకున్న పెచ్చు కోరలైన్ నాచు. అది రావడం శుభం, గీకవద్దు.

వచ్చే పాఠంలో స్కిమ్మర్ (నురుగుతో నీటిలోని మలినాలను తీసే పరికరం) బిగిస్తాము. ఆలోగా మీ తొట్టిలో ఉన్నది పై వాటిలో ఏదో పోల్చుకొని, రోజూ ఒకే వేళకు ఒకే కోణంలో ఫోటో తీయండి. వారానికొకసారి నైట్రేట్, ఫాస్ఫేట్ కొలిచి రాసుకోండి. ఆ కొలత నీరు మార్చడానికి ముందే తీసుకోవాలి.