ఐడ్లింగ్‌లో ఇంజిన్ వణుకుతోందా? పార్టులు మార్చే ముందు ఇవి చూడండి

పెట్రోల్ కారు వేడెక్కాక, ఏసీ ఆపి ఉంటే, ఐడ్లింగ్ (బండి ఆగి ఉండగా ఇంజిన్ నడిచే) వేగం చాలా మోడళ్లలో 650–850 ఆర్‌పీఎం మధ్య నిలకడగా ఉంటుంది. ఆర్‌పీఎం ముల్లు కదలకుండా స్టీరింగ్, సీటు మాత్రమే వణుకుతూ, మిస్‌ఫైర్ (సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండకపోవడం) కోడ్ కూడా లేకపోతే ఇంజిన్ మౌంట్లు (ఇంజిన్‌ని బాడీకి పట్టి ఉంచే దిమ్మలు) చూడండి.

మిగతా సందర్భాల్లో మొదటి పని ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చదివే పరికరం) పెట్టడమే. పీ0301 వస్తే మొదటి సిలిండర్ మిస్‌ఫైర్. ఇంజిన్ చల్లారాక ఆ సిలిండర్ కాయిల్‌ని (స్పార్క్ ప్లగ్గుకి కరెంటిచ్చే భాగం) మూడోదానికి, మూడోదాన్ని ఇక్కడికి మార్చి, కోడ్ చెరిపి నడపండి. పీ0303గా మారిందా, కాయిల్ పోయినట్టే. మారకపోతే ప్లగ్గులనూ ఇలాగే అటూ ఇటూ మార్చండి. ఇంజెక్టర్, కంప్రెషన్ ఆ తర్వాతే. చెక్ ఇంజిన్ లైటు మిణుకుతుంటే మాత్రం బండి నడపొద్దు. కాలని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌ను (పొగను శుభ్రపరిచే భాగం) పాడుచేస్తుంది, దాని ఖర్చు చాలా ఎక్కువ.

పీ0171 అంటే మిశ్రమంలో పెట్రోలు తక్కువ. స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచి, తగ్గించి సర్దుతోందో చూపే అంకె) చూడండి. ఐడ్లింగ్‌లో +20 శాతం దాకా ఉండి, 2500 ఆర్‌పీఎం దగ్గర మామూలుకొస్తే ఎక్కడో దొంగగాలి లోపలికి పోతోంది: పీసీవీ గొట్టం (ఇంజిన్ లోపలి ఆవిర్లను ఇన్‌టేక్‌కి తెచ్చేది), బ్రేక్ బూస్టర్ గొట్టం, ఇన్‌టేక్ గాస్కెట్ వెతకండి. వేగం పెరిగినా ట్రిమ్ తగ్గకపోతే ఫ్యూయల్ ప్రెషర్, గాలి కొలిచే సెన్సర్ వైపు వెళ్లాలి.

కోడ్ ఏదీ లేదా? థ్రాటిల్ బాడీలో (ఇంజిన్‌లోకి పోయే గాలిని అదుపు చేసే భాగం) మసి చూడండి. క్లీనర్‌ని గుడ్డ మీద కొట్టి తుడవండి. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ రేకును వేలితో బలవంతంగా తొయ్యొద్దు, లోపలి గేర్లు దెబ్బతింటాయి. తుడిచాక కొన్ని మోడళ్లకి స్కానర్‌తో ఐడిల్ రీలెర్న్ (ఐడ్లింగ్ వేగాన్ని కంప్యూటర్‌కి మళ్లీ నేర్పడం) చేయాలి.